క్రిస్మస్ విందు బల్లపై చిన్న కానుకలు: మీ ఇళ్లలో ఈ ఆచారం ఎలా సాగుతోంది?

నీలాంబరి
మా ఇంట్లో క్రిస్మస్ విందుకు కూర్చునే ప్రతి ఒక్కరి పళ్లెం పక్కనా ఒక చిన్న పొట్లం ఉంటుంది. చెట్టు కింద పెట్టే పెద్ద కానుకలకు దీనితో సంబంధం లేదు. మా అత్తగారు మొదలుపెట్టిన ఆచారం ఇది. ఎవరికి ఏది అవసరమో ఆవిడ ఏడాది పొడవునా గమనించి, ఊడిపోయిన కోటు బొత్తానికి సరిగ్గా జత కుదిరే బొత్తాన్నో, ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్నామని చెప్పిన పెన్ను లాంటిదాన్నో వెతికి తెచ్చి పెట్టేవారు. ఇప్పుడు ఆవిడకు చూపు మందగించడంతో ఆ బాధ్యత నాకు వచ్చింది. కుటుంబం పెద్దదైంది, మనవల పెళ్లిళ్లయ్యాయి, అందరినీ అంత దగ్గరగా గమనించడం నాకు సాధ్యపడడం లేదు. అందువల్ల అంగట్లో దొరికే ఒకే రకం వస్తువును అందరికీ పెట్టవలసి వస్తోంది. విందు ముగిసి బల్ల సర్దేటప్పుడు చాలా పొట్లాలు అక్కడే మిగిలి కనిపిస్తున్నాయి. ఇక దీన్ని ఆపేద్దామని మా మరిది అంటున్నారు. నాకు మాత్రం ఆపడం ఇష్టం లేదు. మీ కుటుంబాల్లో ఏం చేస్తున్నారో, మీరు చూసిన పద్ధతులేమిటో వివరంగా చెప్పగలరా?

గోరువంక
మీ మరిది గారి మాటలో న్యాయముందని నాకనిపిస్తోంది. ఎవరికీ అక్కరలేని వస్తువును ఆచారం పేరుతో కొని పెట్టడం కంటే, ఆ సమయాన్ని మాటలకు వదిలిపెట్టడమే మేలు. పెద్ద కానుకలు ఎలాగూ ఉన్నాయి కదా.

పాతకాగితం
ఆపమని చెప్పే ముందు ఈ ఆచారం ఎలా పెరిగిందో ఒకసారి చూడాలి, గోరువంక గారూ. బల్ల మీది కానుక అనగానే ఇంగ్లండులో మొదట గుర్తుకు వచ్చేది క్రాకర్. పేరు విని టపాకాయ అనుకోవద్దు. అట్టగొట్టాన్ని రంగు కాగితంలో చుట్టి రెండు కొనలనూ మెలిపెట్టిన పొట్లం అది. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1840లలో పారిస్ వెళ్లి, అక్కడ పలుచని కాగితంలో చుట్టి మెలిపెట్టి అమ్ముతున్న మిఠాయిలను చూసి, అదే పద్ధతిని తన దుకాణంలో మొదలుపెట్టాడు. తరువాత మిఠాయితో పాటు ప్రేమ వాక్యాలు రాసిన చీటీలను చేర్చాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడడం విన్నాక పొట్లానికి చప్పుడు కూడా ఉండాలన్న ఆలోచన అతనికి వచ్చిందని చెబుతారు. కాలక్రమంలో మిఠాయి స్థానంలో చిన్న బహుమతులు వచ్చాయి, అతని కుమారుల కాలంలో కాగితపు కిరీటాలు చేరాయి. లండన్‌లోని ఫిన్స్‌బరీ స్క్వేర్‌లో ఆ కుమారులు తమ తల్లి జ్ఞాపకార్థం కట్టించిన తాగునీటి ఫౌంటెన్ నేటికీ ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరే ఉంది. క్రాకర్‌ను ఎవరూ ఒంటరిగా విప్పుకోరు. ఒక కొన మీరు పట్టుకుంటే, రెండో కొనను పక్కనున్న వ్యక్తి పట్టుకోవాలి. ఇద్దరూ లాగినప్పుడు పెద్ద ముక్క ఎవరి చేతిలో మిగిలితే లోపలి వస్తువు వారిదవుతుంది. ఆ ఏడాదంతా పలకరించుకోని ఇద్దరు బంధువులు పక్కపక్కన కూర్చున్నా సరే, ఆ క్షణంలో ఒకరి వైపు ఒకరు తిరగక తప్పదు. నీలాంబరి గారి పొట్లాల్లో లోపించింది ఇదేనేమో ఆలోచించండి.

నిశితం
పాతకాగితం గారు చెప్పిన చప్పుడు గురించి ఒక మాట చేర్చాలి. రెండు సన్నని అట్టముక్కలు ఒకదానిపై ఒకటి జారే చోట అతి స్వల్ప పరిమాణంలో సిల్వర్ ఫల్మినేట్ పూసి ఉంచుతారు. లాగినప్పుడు పుట్టే రాపిడికి అది పేలుతుంది. అందుకే బ్రిటన్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు వీటిని అమ్మడం చట్టరీత్యా నిషిద్ధం, చాలా విమానయాన సంస్థలు వీటి విషయంలో ఆంక్షలు పెడతాయి. దూరప్రయాణం చేసి విందుకు వెళ్లేవారు ముందుగా విచారించుకోవాలి.

ఇక లోపలి బహుమతుల విషయంలో నేను గోరువంక గారి పక్షమే. చిన్న ప్లాస్టిక్ దువ్వెన, పనికిరాని గోళ్లకత్తెర, మరునాటికి విరిగిపోయే బొంగరం: ఇవన్నీ చెత్తబుట్టకు చేరేవే.

పూలసజ్జ
చెత్తబుట్టకు చేరేది వస్తువు మాత్రమే. కాగితపు కిరీటం పెట్టుకుని గంభీరంగా భోజనం చేసే తాతగారిని చూసిన పిల్లలు ఆ దృశ్యాన్ని ఎక్కడ పారేస్తారు? మా ఇంట్లో క్రాకర్లను మేమే తయారు చేసుకుంటాం. అట్టగొట్టం, రంగు కాగితం, దారం ఉంటే చాలు. చప్పుడు ఉండదు కాబట్టి లాగేటప్పుడు పిల్లలే నోటితో చప్పుడు చేస్తారు. ఆ చప్పుడు కోసం ఎదురుచూసేవాళ్లలో పెద్దలే ఎక్కువ.

చిన్నకోడలు
మా అక్కను డెన్మార్క్ కుటుంబంలోకి ఇచ్చాం కాబట్టి అక్కడి పద్ధతిని దగ్గరగా చూశాను. అక్కడ డిసెంబర్ 24 రాత్రి విందు చివర రిసలమాండ్ అనే తీపి వంటకం వడ్డిస్తారు. ఉడికించి చల్లార్చిన అన్నంలో గిలకొట్టిన మీగడ, వెనిలా, తరిగిన బాదం కలిపి, పైన వేడి చెర్రీ రసం పోస్తారు. అంత పెద్ద గిన్నెలో ఒకే ఒక్క బాదం పప్పును ముక్కలు చేయకుండా వేస్తారు. ఎవరి వంతులో అది వస్తే వారికి బాదం బహుమతి లభిస్తుంది. సంప్రదాయం ప్రకారం అది బాదం ముద్దతో చేసిన చిన్న పంది బొమ్మ. ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక ఆటవస్తువునో పుస్తకాన్నో పెడుతున్నారు. నార్వేలో కూడా ఇటువంటి ఆచారమే ఉంది. స్వీడన్‌లో బాదం దొరికినవారికి మరుసటి ఏడాది పెళ్లవుతుందని సరదాగా చెప్పుకుంటారు.

అసలు వినోదం అది దొరికిన తరువాత మొదలవుతుంది. దొరికినవారు ఆ సంగతి వెంటనే చెప్పరు. పప్పును బుగ్గలో దాచుకుని, ఏమీ ఎరగనట్టు తింటూ ఉంటారు. మిగిలినవారు కడుపు నిండినా, అది ఇంకా గిన్నెలోనే ఉందన్న ఆశతో మళ్లీ మళ్లీ వడ్డించుకుంటారు. అక్క మామగారు అనుమానం వచ్చిన ప్రతివారినీ ఏదో ఒక ప్రశ్న అడుగుతారు. బుగ్గలో బాదం ఉన్నవారు సూటిగా జవాబు చెప్పలేరని ఆయన నమ్మకం. ఆ ప్రశ్నలకు బల్ల చుట్టూ ఉన్నవారంతా నవ్వుతూనే ఉంటారు.

నీలాంబరి గారూ, అందరికీ తలొక వస్తువు కొనే భారం ఇందులో లేదని గమనించండి.

మూడోతరం
భారం లేదు నిజమే, కానీ ఒక్కరికే దొరికే బహుమతి చిన్నపిల్లలున్న ఇంట్లో కన్నీళ్లతో ముగుస్తుంది. మా పిల్లలతో ఇటువంటి ఆట ఆడినప్పుడల్లా చివరికి ఎవరో ఒకరు బల్ల కిందకు దూరి ఏడ్చారు.

చిన్నకోడలు
అక్కడ కూడా ఆ ఇబ్బంది ఉంది. కొన్ని ఇళ్లలో పెద్దలు ఎవరికీ తెలియకుండా ప్రతి చిన్నారి గిన్నెలోనూ ఒక పూర్తి బాదం వేస్తారు.

నిశితం
అది ఆట నియమాన్ని చెడగొట్టడమే అవుతుంది. ఓడిపోవడం కూడా పిల్లలు నేర్చుకోవాలి కదా.

పూలసజ్జ
పండుగ రోజున నేర్చుకోవలసిన పాఠం అదేనా, నిశితం గారూ? మిగిలిన రోజులన్నీ దానికి సరిపోతాయి.

పాతకాగితం
ఈ తగవుకు ఫ్రాన్సులో ఒక పరిష్కారం ఉంది. క్రిస్మస్ నాడు కాకుండా, బాలయేసును చూడవచ్చిన జ్ఞానుల రాకను స్మరించే జనవరి 6 పండుగ సమయంలో అక్కడ ఒక గుండ్రని రొట్టె కోస్తారు, దాని లోపల ఒక చిన్న పింగాణీ బొమ్మ ఉంటుంది. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల బల్ల కింద కూర్చుంటుంది. పైన ఒక్కొక్క ముక్క కోసి "ఇది ఎవరికి?" అని అడిగితే, ఆ పాప చూడకుండానే పేర్లు చెబుతుంది. బొమ్మ దొరికినవారు ఆ రోజుకు రాజో రాణో అవుతారు. పంపకం చేసింది పిల్ల కాబట్టి పక్షపాతం జరిగిందన్న మాట రాదు, గెలవకపోయినా ఆ పాపకు తన పాత్ర తనకు ఉంటుంది. మూడోతరం గారి పిల్లలు బల్ల కిందకు దూరే పక్షంలో, దూరడానికి ఇది మంచి కారణం.

సెర్బియాలో క్రిస్మస్ రొట్టెలో నాణెం దాస్తారు. దాన్ని కత్తితో కోయరు; కుటుంబమంతా చుట్టూ చేరి, అందరూ పట్టుకుని తిప్పి, ఎవరి భాగాన్ని వారు తుంచుకుంటారు. నాణెం దొరికినవారికి ఆ ఏడాది కలిసివస్తుందని నమ్మకం.

వెండిగిన్నె
నాణెం మాట వచ్చింది కాబట్టి ఇంగ్లండులో క్రిస్మస్‌కు ఎండు పళ్లతో వండే తీపి వంటకం పుడ్డింగ్ గురించి రాస్తున్నాను. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలవడానికి ముందటి ఆదివారం నాడు పిండి కలిపే ఆచారం ఉంది. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారి గరిటె తిప్పి మనసులో ఒక కోరిక కోరుకుంటారు. ఆ పిండిలోనే ఆరు పెన్నీల వెండి నాణేన్ని, కొన్ని ఇళ్లలో ఉంగరాన్ని, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానాన్ని కూడా వేసేవారు. నాణెం సంపదకు, ఉంగరం పెళ్లికి, అంగుస్తానం పొదుపుకు గుర్తులు.

ఆచారం మానకుండా పాటించే కుటుంబాలు పాత నాణేలనే దాచుకోవడానికి కారణం లోహమే. 1920కి ముందు ఆ నాణెంలో 92.5 శాతం వెండి ఉండేది, 1920 నుంచి అది సగానికి తగ్గింది, 1947 నుంచి రాగి, నికెల్ మిశ్రమంతో ముద్రించారు. 1980లో ఆ నాణెం చెలామణీ నుంచి పూర్తిగా తొలగిపోయింది. దానితో ఇప్పుడు ఏమీ కొనలేరు. అయినా దొరికిన పిల్ల దాన్ని గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతుంది. మరుసటి ఏడాది మళ్లీ వేయాలి కాబట్టి, కొన్ని ఇళ్లలో ఆ పాత నాణేన్ని తీసుకుని, బదులుగా చెల్లుబాటయ్యే నాణెం ఇస్తారు. ఒకే వస్తువు తరాల పాటు ఒకే బల్లపై తిరుగుతూ ఉండడం నాకు ఎంతో విలువైన విషయంగా కనిపిస్తుంది.

నిశితం
పళ్లకు, గొంతుకు కలిగే ప్రమాదం సంగతి ఏమిటి?

వెండిగిన్నె
అందుకే ఇప్పుడు చాలామంది వండేటప్పుడు వేయకుండా, వడ్డించేటప్పుడు ముక్క కింద దాస్తున్నారు. ఎవరి పళ్లెంలో ఉందో వడ్డించేవారికి తెలుస్తుంది కాబట్టి చిన్నపిల్లల వైపు వెళ్లకుండా చూసుకోవచ్చు.

దీపస్తంభం
నేను పిల్లల వైద్య విభాగంలో పని చేస్తాను కాబట్టి ఈ విషయాన్ని కొంచెం గట్టిగానే చెబుతున్నాను. మూడేళ్ల లోపు పిల్లలు కూర్చునే బల్లపై వారి నోట్లో పట్టేంత చిన్న వస్తువు ఏదీ ఉండకూడదు. పక్కవారి పొట్లంలోది కూడా ఆ చేతికి అందుతుందని మరచిపోవద్దు. వెలిగే బొమ్మలు, పాడే కార్డులు, చిన్న టార్చిలైట్లలో నాణెం ఆకారపు బ్యాటరీలు ఉంటాయి. వాటిని మింగితే ఆహారనాళం రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది. మరలతో గట్టిగా బిగించిన మూత లేని అటువంటి వస్తువును అసలు కొనవద్దు. బాదం ఆట ఆడేవారు అతిథుల్లో ఎవరికైనా గింజలు పడవేమో ముందే అడిగి తెలుసుకోవాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు పూర్తి బాదం పప్పు కూడా గొంతుకు అడ్డుపడగలదు. చిన్నకోడలు గారు చెప్పిన, ప్రతి చిన్నారి గిన్నెలో పప్పు వేసే పద్ధతిని ఆ వయసు పిల్లల విషయంలో మానుకోవాలి.

చిన్నకోడలు
దీపస్తంభం గారి మాట అక్కకు ఇప్పుడే పంపించాను. ఈసారి చిన్నవాళ్ల గిన్నెలు వేరుగా వడ్డిస్తామని, వారికి బహుమతి వచ్చిందో లేదో తెలిపే చీటీని గిన్నె కింద అంటిస్తామని చెప్పింది.

అక్షరమాల
ఇంతవరకూ వస్తువుల గురించే మాట్లాడుకున్నాం. ఇటలీలో పిల్లలు బల్లపై పెట్టే కానుక ఒక ఉత్తరం. బడిలో అందంగా అలంకరించి రాసిన ఆ ఉత్తరాన్ని విందుకు ముందు తండ్రి పళ్లెం కింద దాచేవారు. ఏడాదిలో చేసిన అల్లరికి క్షమాపణ, ఇక మీదట బుద్ధిగా ఉంటామన్న వాగ్దానం అందులో ఉండేవి. తండ్రి ఏమీ ఎరగనట్టు కూర్చుని, పళ్లెం ఎత్తగానే ఆశ్చర్యపడి, అందరి ముందూ పైకి చదివేవాడు. ఇప్పుడది బాగా తగ్గిపోయినా, ఆ ఉత్తరాలను పెట్టెల్లో దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి.

స్వీడన్‌లో కానుక పొట్లంపై చిన్న పద్యం రాసే అలవాటు ఉంది. లోపల ఏముందో సూటిగా చెప్పకుండా, సూచన మాత్రం ఇచ్చే ఆ పద్యాన్ని పైకి చదివి, ఊహించిన తరువాతే విప్పాలి. ఈ రెండింటిలోనూ ఖర్చు దాదాపు లేదు, కానీ రాసేవారు ఎదుటి మనిషి గురించి కాసేపైనా ఆలోచించక తప్పదు. నీలాంబరి గారి అత్తగారు బొత్తానికి జత వెతికినప్పుడు చేసిన పని కూడా అదే. ఒకే రకం వస్తువులు బల్లపై మిగిలిపోవడానికి కారణం అవి చవకవి కావడం కాదు, వాటిలో తీసుకునేవారి గుర్తు లేకపోవడం.

గోరువంక
అక్షరమాల గారి చివరి వాక్యం చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. వస్తువులు ఆపమనే ఇప్పటికీ అంటాను, కానీ చీటీలు ఉండవచ్చు.

మూడోతరం
మేము చీటీల పద్ధతిని పాటిస్తున్నాం కాబట్టి దానిలోని కష్టం కూడా చెప్పాలి. ప్రతి ఒక్కరి పళ్లెం కిందా మిగిలినవారు తలొక వాక్యం రాసి పెడతారు. మొదట్లో అందరూ "మీరు చాలా మంచివారు" అనే రాసేవారు. అది అందరికీ పెట్టే ఒకే రకం వస్తువు కంటే ఏమీ మెరుగు కాదు. అప్పుడు మా పెద్దమ్మ ఒక నియమం పెట్టింది: ఈ ఏడాది ఆ మనిషి చేసిన ఒక్క పనిని పేర్కొనాలి, పొగడ్త ఉండకూడదు. "వాన పడుతుంటే నన్ను స్టేషన్ దాకా దింపావు" అన్నది మా తమ్ముడికి వచ్చిన చీటీ. అప్పటి నుంచి ఎవరూ చీటీలను బల్లపై వదిలి వెళ్లడం లేదు. రాయడం రాని పిల్లలు బొమ్మ గీస్తారు.

పైకి చదవాలా వద్దా అన్నది తీసుకున్నవారి ఇష్టానికి వదిలేశాం. సిగ్గరులను బలవంతపెడితే విందు వారికి పరీక్షగా మారుతుంది.

వెండిగిన్నె
ఆ నియమం చాలా బాగుంది, మూడోతరం గారూ. మా ఇంట్లో పోయిన వేసవిలో నాన్నగారు కన్నుమూశారు. ఈ క్రిస్మస్‌కు ఆయన స్థానంలో పళ్లెం పెట్టాలా, పెడితే పక్కన కానుక ఉండాలా అని అమ్మ అడుగుతోంది. మీలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

పాతకాగితం
మీ కుటుంబానికి కలిగిన దుఃఖానికి చింతిస్తున్నాను. పోలండులో క్రిస్మస్ ముందటి రాత్రి విందులో ఒక పళ్లెం ఎప్పుడూ అదనంగా పెడతారు. అనుకోకుండా వచ్చే అతిథి కోసమని కొందరు, ఆ ఏడాది దూరమైనవారి స్మృతిలో అని మరికొందరు చెబుతారు. రెండు అర్థాలూ ఒకే పళ్లెంలో ఇమిడిపోవడం అక్కడివారికి సహజంగానే తోస్తుంది. అమ్మగారికి ఇష్టమైతే పెట్టండి, భారంగా తోస్తే వద్దు; నిర్ణయం ఆమెదే కావాలి.

పూలసజ్జ
మా అత్తయ్య పోయిన ఏడాది మేము ఆవిడ పేరున ఒక పొట్లం కట్టి, ఆవిడ కుట్టుపెట్టెలోని దారపు ఉండలను అందులో పెట్టాం. విందు తరువాత వాటిని అందరికీ ఒక్కొక్కటిగా పంచాం. ఆవిడకు ఇవ్వడానికి ఏమీ లేదు కానీ, ఆవిడ నుంచి అందుకోవడానికి ఇంకా ఉందని మా పిల్లలకు అర్థమైంది.

వెండిగిన్నె
నాన్నగారి పాత పెన్నులు చాలా ఉన్నాయి. అమ్మతో మాట్లాడతాను. మీకు కృతజ్ఞతలు.

నిశితం
నీలాంబరి గారికి ఆచరణలో ఉపయోగపడే రెండు సూచనలు. ఒకటి, పేరు రాయని పొట్లాలు ఒకటో రెండో అదనంగా ఉంచండి. ఎవరైనా బంధువు చివరి నిమిషంలో స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వస్తే, ఆ ఒక్కరి ముందే ఖాళీ కనిపించకూడదు. రెండు, అల్లుడికి ఒక స్థాయి, కోడలికి ఒక స్థాయి అన్న తేడా బల్లపై రానివ్వకండి. చెట్టు కింద ఎవరికి ఏమి వచ్చిందో పక్కవారికి కనిపించదు, పళ్లెం పక్కన ఉన్నది మాత్రం అందరికీ కనిపిస్తుంది. చిన్న కానుక ఎందుకు చిన్నదిగానే ఉండాలో నాకు తోచిన ప్రధాన కారణం ఇదే.

దీపస్తంభం
ఎప్పుడు విప్పాలన్నది కూడా ముఖ్యమే. భోజనానికి ముందు విప్పితే వేడి వంటకాలు చల్లారిపోతాయి, పిల్లలు ఇక తినరు. భోజనానికీ తీపి వంటకానికీ మధ్య, పళ్లేలు మార్చే సమయంలో విప్పడం మాకు బాగా కుదిరింది. వంటింట్లో ఉన్నవారు కూడా వచ్చి కూర్చున్న తరువాతే మొదలుపెట్టాలన్నది మా నియమం. అంతకుముందు వడ్డించే ఆడవాళ్లు ఎప్పుడూ ఆ నవ్వులను గోడ అవతలి నుంచి వినేవారు.

నీలాంబరి
అందరి మాటలనూ అత్తగారికి చదివి వినిపించాను. బాదం దాచుకునే పద్ధతికి ఆవిడ చాలాసేపు నవ్వారు. వస్తువులు కొనడం ఆపడానికి ఆవిడే ముందుగా ఒప్పుకున్నారు. పొట్లం మాత్రం ఉండాలన్నారు. ఈసారి పేర్ల చీటీలు తీసి, ఎవరికి ఎవరి పేరు వస్తే వారి కోసం ఒక పొట్లం సిద్ధం చేసేలా ఏర్పాటు చేస్తున్నాను. అందులో మూడోతరం గారి పెద్దమ్మ నియమం ప్రకారం ఒక వాక్యం తప్పనిసరి, చేతితో చేసిన వస్తువు పెట్టడం ఐచ్ఛికం. విప్పడానికి క్రాకర్ లాగా పక్కవారి సాయం తీసుకోవాలి. అత్తగారు మాత్రం పేర్ల చీటీ తీయనన్నారు. తాను అందరికీ రాయిస్తానని, పెద్ద మనవరాలు పక్కన కూర్చుని రాయాలని చెప్పారు. నిన్న సాయంత్రమే మొదలుపెట్టారు, మొదటి వాక్యం మా మరిదికి.

గోరువంక
పేర్ల చీటీల్లో భార్యాభర్తలకు ఒకరి పేరు ఒకరికి వస్తే మళ్లీ తీయించండి. వారికి ఒకరి గురించి ఒకరు రాసుకునే సందర్భాలు వేరే ఉంటాయి, బావగారి గురించో తోడికోడలి గురించో రాసే సందర్భం ఇదొక్కటే.

నీలాంబరి
మంచి మాట. ఆ నియమం కూడా చేరుస్తున్నాను.